ఎగిరే లీమర్ ఒంటి మీద ఎవరి పేరు?

ముందు ఈ పేరు సంగతి తేల్చేస్తాను. ఎగిరే లీమర్ అని లోకమంతా పిలిచే జంతువు ఎగరదు. అది లీమర్ కూడా కాదు. కొలూగో అని ఇంకో పేరుంది. ఆగ్నేయాసియా అడవుల్లో చెట్టు మీంచి చెట్టుకు గాల్లో జారుతూ పోతుంది. మెడ దగ్గర మొదలై చేతివేళ్ళ కొసల దాకా, అక్కణ్ణుంచి కాలివేళ్ళ దాకా, కాళ్ళ మధ్య నుంచి తోక చివరి దాకా దాని ఒంటికి ఒకటే చర్మం. పిల్లి అంత ఉండే జంతువు కాళ్ళూ చేతులూ చాపిందంటే గాల్లో పరిచిన దుప్పటి అయిపోతుంది.

మాచర్లలో ఈ మాట ఎంతమందికి చెప్పానో గుర్తు లేదు. చివర్లో అందరూ అనేది ఒకటే.

"అంటే గబ్బిలమే గదా మేడం."

కాదు. గబ్బిలం రెక్క అంటే పొడుగ్గా సాగిన వేళ్ళ ఎముకలు. కొట్టుకుంటూ ఎగురుతుంది. దీనికి రెక్కే లేదు. ఉన్నదల్లా చర్మం. ఆ చర్మం గురించే ఈ గొడవంతా.

నేను హైదరాబాదులో పుట్టి పెరిగాను. జువాలజీ చదివి, మాచర్ల బయట ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరాను. తనిఖీకి పైనుంచి ఎవరో వస్తున్నారని మా కరస్పాండెంటు, అంటే కాలేజీ పెట్టిన ఆయన, కొత్త బ్లాకు గోడకు ఒక పెద్ద రాతి శిల్పం పెట్టిద్దామన్నాడు. ఆయనకు బాగా పొలం ఉంది. రెండుసార్లు ఎన్నికల్లో నిలబడ్డాడు, ఒకసారి గెలిచాడు. ఇప్పటికీ ఎక్కడ నిలబడ్డా చుట్టూ నలుగురు ఉంటారు. శిల్పం కోసం మీటింగులో మొదట వచ్చిన ఐడియా ఏమిటంటే, కోతి కొంచెం కొంచెంగా నిటారుగా లేచి మనిషైపోయే ఆ వరస బొమ్మ. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. జీవులన్నీ క్యూలో నిలబడి ప్రమోషన్ తీసుకున్నట్టు! లేచి నిలబడి అది తప్పు బొమ్మ అని చెప్పాను. తప్పయితే మరి రైటేదో నువ్వే చెప్పమన్నారు. ఫోను తీసి కొలూగోను చూపించాను.

"ఎగిరేదా? బాగుందమ్మా," అన్నాడు కరస్పాండెంటు. "మన కాలేజీ కూడా అట్టా ఎగరాల."

ఎగరదు సార్ అని మొదలుపెట్టేలోపు మీటింగు అయిపోయింది.

రాతి శిల్పాలకు పేరున్న దుర్గి వెళ్ళడం నాకు అదే మొదటిసారి. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో సగం చెక్కిన నందులు, అమ్మవార్లు, చొక్కా గుండీల దాకా వచ్చి ఆగిన ఒక నాయకుడు. శిల్పికి అరవై దాటి ఉంటాయి. దుమ్ములో కూర్చుని ఉన్నాడు. "అంకుల్" అని పిలిచాను. పక్కన మజ్జిగ పోస్తున్న ఆయన భార్య ఫక్కున నవ్వింది.

"అంకులేందమ్మాయ్, బాబాయ్ అను. సచ్చిపోతాడు మనిషి."

ఆ రోజు నుంచి ఆయన బాబాయ్, ఆవిడ పిన్ని.

నేను బాబాయికి ఫోనులో మొదట చూపించింది బతికున్న జంతువును కాదు, శిలాజాన్ని. థాయిలాండులో ఒక బొగ్గు గనిలో దొరికిన దవడ ముక్క, దాంట్లో కొన్ని పళ్ళు. మూడు కోట్ల ఏళ్ళు దాటిన నాటిది. ఎగిరే లీమర్ల పూర్వీకుల గురించి మనకు గట్టిగా తెలిసింది ఇలాంటి దవడలూ పళ్ళ వల్లే. శిల్పంలో ఆ జంతువే గాల్లో జారుతూ ఉండాలి, కింద మూలన ఈ దవడ ముక్క పెద్దది చేసి చెక్కాలి అని చెప్పాను.

బాబాయ్ ఫోనును దూరంగా పట్టుకుని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఈ పళ్ళ ముక్కేనా దొరికింది?"

"అవును."

"తోలు దొరకలా?"

"దొరకలేదు. తోలు మట్టిలో కలిసిపోతుంది."

"మరి ఇది గాల్లో జారిందని నీకెవరు చెప్పారు?"

నాకు కోపం వచ్చింది. డిగ్రీ పిల్లలు అడగని ప్రశ్న ఈయన అడిగాడని కాదు. సమాధానం నేను అనుకున్నంత గట్టిగా లేదని. ఈ పళ్ళకీ ఇప్పటి కొలూగోల పళ్ళకీ పోలిక ఉంది. ఇప్పుడు మిగిలిన కొలూగోలన్నీ గాల్లో జారేవే. కాబట్టి అదీ జారి ఉంటుందని అనుకుంటున్నారు, అంతే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. అందులో మూడు నిమిషాలు గట్టిగానే అరిచాను.

బాబాయ్ తాపీగా విన్నాడు. "ఎందుకమ్మా అట్టా కేకలేత్తావ్? నేను కాదన్నానా? పాత గుళ్ళో ఒక్క పాదం మిగిలుంటే చాలు, ఆ బొమ్మ నిలబడిందో, నాట్యం చేసిందో, ఒక కాలెత్తి కూర్చుందో మేం చెప్తాం. మొత్తం చూశామా ఏంది?"

ఆ కోపం తీర్చుకోవడానికి ఫోనులో ఇంకో ఫోటో చూపించాను. చైనాలో బయటపడ్డ పదహారు కోట్ల ఏళ్ళ నాటి రాతి పలకలు. డైనోసార్లు తిరుగుతున్న కాలంలోనే చెట్ల మీంచి జారిన చిన్న చిన్న జంతువులు. వాటి ఎముకల చుట్టూ చర్మం నల్లటి నీడలా రాతిలో నిలిచిపోయింది. వాటికీ కొలూగోలకూ చుట్టరికం లేదు. ఆ వంశం పూర్తిగా అంతరించింది. తర్వాత ఎప్పుడో కొలూగోలకు ఈ చర్మం వచ్చింది. విడిగా ఉడుతలకు వచ్చింది, ఆస్ట్రేలియాలో సంచి జంతువులకు వచ్చింది. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోలేదు, ఎవరి తంటా వాళ్ళే పడ్డారు. మన నల్లమలలో కూడా అలా జారే ఉడుత ఉంది.

"వెల్దుర్తి అవతల అడవిలో నేను చూశా చిన్నప్పుడు," అన్నాడు బాబాయ్. "చెట్టు మీంచి ఎవరో తువ్వాలు పారేశారనుకున్నా."

ఆ మాటతో నేను శిల్పం పని ఆయనకే ఇచ్చేశాను. ఇంకో షెడ్డు చూడను కూడా చూడలేదు.

మా స్టూడెంట్లు అప్పుడప్పుడూ నాపరాళ్ళ మీద చెట్టు కొమ్మల్లాంటి నల్లటి గీతలు చూపించి "శిలాజం మేడం" అంటారు. అవి రాతి పగుళ్ళలోకి దిగిన ఖనిజం మరకలు. పలనాటి సున్నపురాయి తయారైనప్పటికి భూమ్మీద ఎముకలున్న జీవే లేదు. ఈ రాతిలో పాలిచ్చే జంతువు కనిపించాలంటే ఎవరో ఒకరు చెక్కాల్సిందే. బాబాయ్ ఆ రాతిని సుత్తితో తట్టి తట్టి ఎంచాడు. గంటలా మోగితేనే బొమ్మకు పనికొస్తుందట. మొద్దుగా పలికింది గడపలకూ మెట్లకూ పోతుంది. మూడు రాళ్ళు కాదన్నాడు. నాకు మూడూ ఒకేలా వినిపించాయి. ఫోనులో రికార్డు చేసుకుని విన్నా తేడా తెలియలేదు.

మొదటి గీత అచ్చం గబ్బిలంలానే వచ్చింది. వేళ్ళు పొడుగ్గా, వాటి మధ్య గొడుగు బట్టలా చర్మం. నేను సుద్దముక్క లాక్కుని కొట్టేశాను. రెండో గీత కూడా అంతే. మూడోసారి బాబాయ్ చిరాకుపడి నాలుగు కర్రలు పాతి, తడి తువ్వాలు నాలుగు మూలలా కట్టి, కింద నుంచి పిన్ని చేత చాటతో విసిరించాడు. గాలికి తువ్వాలు ఎక్కడ ఉబ్బుతుందో, ఎక్కడ బిగుస్తుందో, అంచు ఎక్కడ మడత పడుతుందో వంగి వంగి చూశాడు.

"నలభై ఏళ్ళు కాపరం చేశా," అంది పిన్ని చాట ఆపకుండా. "ఒక్క రోజన్నా నాకు విసిరాడేమో అడుగమ్మాయ్."

"నువ్వు గాల్లో జారుతావా ఏంది?" అన్నాడు బాబాయ్.

పిల్ల సంగతి కూడా పిన్నిదే. కొలూగో తల్లి తోక వైపు చర్మాన్ని మడిచి, అందులో పిల్లను ఉయ్యాలలో వేసినట్టు ఉంచుకుంటుందని నోరు జారి చెప్పాను. ఇక ఆవిడ ఊరుకోలేదు. పిల్లను పెట్టాల్సిందే. మూడు కోట్ల ఏళ్ళ కిందటి జంతువు పిల్లను మోసుకుంటూ జారిందనడానికి సాక్ష్యం లేదు పిన్నీ అన్నాను.

"మోయక యాడ పారేసిద్దమ్మాయ్?"

పిల్లను పెట్టాం.

చెక్కడం రెండు నెలలు పైనే పట్టింది. ఆదివారాలు బస్సెక్కి వెళ్ళి కూర్చునేదాన్ని. తలా, గోళ్ళూ, దవడా తొందరగానే అయ్యాయి. ఆలస్యమంతా చర్మంతోనే. వెనక రాయి తీసేసి అంచును దోసె మందానికి తెచ్చాడు బాబాయ్. ఉలి పక్కన పెట్టి సానరాయితో, నీళ్ళతో, అరచేత్తో రుద్దాడు. చివరికొచ్చేసరికి ఎండ పడితే ఆ అంచులోంచి కొంచెం వెలుగు కూడా కనిపించేది. అంత రాయీ గాలికి ఉబ్బినట్టే ఉంది. అందులో ఒక్క గీత లేదు. వేలు పెట్టాలంటే నాకు భయమేసింది.

ఆ రోజే బాబాయ్ ఒక మాట అడిగాడు. ఆయన చెక్కిన ఒక నాయకుడి విగ్రహానికి ఎవరో వెండి రంగు పూసేశారట. మీసం వెంట్రుక వెంట్రుకా తీశాడు, అది రంగు కింద ముద్దైపోయింది. ఆ విగ్రహం ఉన్న దారిలో ఆయన ఇప్పుడు బస్సెక్కడు.

"దీన్ని నేను ఎవరి కోసం చెక్కలా. అలవాటు లేని పని, చేతికి కొత్తగా ఉండి చెక్కా. నేను పంపినాక దీని మీద ఇంకొకళ్ళ చెయ్యి పడకూడదు. మాటియ్యమ్మా."

"పడదు బాబాయ్. నేనున్నాగా," అన్నాను. ఒక చేతిలో ఫోను, అందులో ఏదో మెసేజ్ వస్తోంది. ఇంత తేలిగ్గా నేను జీవితంలో ఏ మాటా ఇవ్వలేదు.

ట్రాక్టరులో గడ్డి పరిచి తెచ్చారు. గోడకు బిగించారు. అప్పుడు చూశాను, కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట రెండు నున్నటి గుండ్లు ఉన్నాయి. ఫోను చేసి నిలదీశాను.

"బొమ్మను నిలబెట్టినాక, నిలబెట్టిన చోటే కళ్ళు తెరుస్తాం. ఆవిష్కరణ ఫంక్షనుకు ముందు వస్తా."

"అది దేవుడు కాదు బాబాయ్, జంతువు. షెడ్డులోనే చేసేస్తే అయిపోయేది కదా!"

"నీకు అయిపోయిద్ది," అని పెట్టేశాడు.

మర్నాడు కరస్పాండెంటు చూడటానికి వచ్చాడు, వెంట ఎప్పటిలాగే నలుగురు. బొమ్మ చుట్టూ తిరిగాడు, దవడ ముక్కను చూసి "ఇదేంది, పళ్ళ డాక్టరు బోర్డా?" అన్నాడు, నలుగురూ నవ్వారు. తర్వాత చర్మం ముందు ఆగాడు.

"ఏమ్మా, ఇంత జాగా ఖాళీగా వదిలేశాడేంది?"

"అది ఖాళీ కాదు సార్. చర్మం."

"చర్మమేలేమ్మా. పలకలాగా నున్నగా ఉంది. మా నాన్న పేరు దీని మీదైతే గేటు కాడికి కనపడుద్ది."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ వైపు ఎవరు ఏమిచ్చినా దాని మీద పేరుంటుంది. బస్టాపు బల్ల మీద పేరు, మంచినీళ్ళ ట్యాంకు మీద పేరు, బడి మెట్టు మీద పేరు. ఫ్యాను రెక్కల మీద కూడా పేరుంటుంది. తిరుగుతుంటే చదవలేం, ఆపితే ఉక్కపోస్తుంది. చచ్చిపోయిన తండ్రి పేరు రాయించడం ఇక్కడ కొడుకు బాధ్యత. రాయించకపోతే ఊరు అడుగుతుంది. అది నాకు అర్థమవుతుంది. కానీ ఈ భూమ్మీద బోలెడంత జాగా ఉండగా, ఒక జంతువు ఒంటి మీదా?

నాకు తెలిసిందంతా చెప్పాను. కోట్ల ఏళ్ళలో కొలూగో చర్మం ఒక్క శిలాజంలోనూ చిక్కలేదు సార్, ఎగిరే లీమర్లవి పళ్ళే మిగిలాయి, మొదటిసారి ఒక మనిషి దాన్ని రాతిలో చూపించాడు, దాని మీద అక్షరాలు పెడితే ఇక మిగిలేది బోర్డే అన్నాను. ఆయన మర్యాదగా తల ఊపాడు. ఆ ఊపడం నాకు తెలుసు. ఎండలో అర్జీ పట్టుకుని నిలబడ్డవాళ్ళకు ఊపే తల అది.

అప్పుడు నేను ఒక తప్పు చేశాను. అసలు కారణం వదిలేసి, ఆయన వినే కారణం ఎత్తుకున్నాను.

"అక్షరాలు చెక్కితే రాయి పగులుతుంది సార్."

ఆయన ఆగాడు. నరసరావుపేట నుంచి నేమ్‌ప్లేట్లు చెక్కే ఒక సాయిబుగారిని మిషనుతో సహా పిలిపించాడు. ఆయన వచ్చి చర్మాన్ని వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. వెనక్కి వెళ్ళి అంచు చూశాడు. మిషను సంచిలోంచి బయటికే తీయలేదు.

"ఇది ఉస్తాద్ పని సార్. నేను మిషను పెట్టను. పగిలిందంటే రేపు దుర్గి దారిన నేను తలెత్తుకు పోలేను."

నాకు ఆయన కాళ్ళు మొక్కాలనిపించింది. అంతలో ఆయనే అన్నాడు, పాపం మంచికే, "పేరే కావాలంటే రంగుతో రాయించుకోండి సార్. రాయికేం కాదు."

పగులుతుందన్న నా కారణం అక్కడితో చచ్చిపోయింది.

ఆదివారం నేను హైదరాబాదులో ఉన్నాను. సోమవారం పొద్దున్నే గేటులోకి రాగానే కనిపించింది. బంగారు రంగు. ఎడమ చేతి వేళ్ళ దగ్గర మొదలై కుడి చేతి వేళ్ళ దాకా 'కీర్తిశేషులు', దాని కింద పెద్దాయన పేరు, ఇంటిపేరు, ఊరు, కింద 'జ్ఞాపకార్థం', దాని కింద కుమారుడి పేరు, ఆయన చేసిన పదవులు. జాగా చాలలేదేమో, ఎవరికీ కోపం రాకుండా ముగ్గురు మనవళ్ళ పేర్లు తోక మీద.

ఫోటో తీసి, "ఇదీ మన చదువు" అని రాసి స్టేటస్ పెట్టేశాను. క్లాసుకు వెళ్ళేలోపు ప్రిన్సిపాల్ ఫోను చేసి తీసెయ్యమన్నాడు, తీయనన్నాను. తర్వాత తెలియని నంబరు. కరస్పాండెంటుకు ఎదుటి పార్టీలో తిరిగే కుర్రాడెవరో.

"మేడం, మీరు ఊఁ అంటే మా పేజీలో పెట్టేస్తాం. దుమ్ము లేచిపోద్ది."

"పెట్టి ఏం రాస్తారు?"

"ఏముంది మేడం, ఆయన పేరు కనపడతంది గదా, చాలు. ఆ గబ్బిలం సంగతి మనకెందుకు?"

బ్లాక్ చేశాను. వీళ్ళకు కూడా కావాల్సింది ఆ పేరే! చర్మాన్ని ఎవరూ చూడటం లేదు. స్టేటస్ తీసేద్దామని తెరిచాను. ఎవరెవరు చూశారో కింద వరసగా ఉంది. అందులో బాబాయ్ నంబరు.

శిల్పం ఫోటోలు పంపుకోవడానికి తీసుకున్న నంబరు అది. ఆయనకు నేను చెప్పలేదు. ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను అని నాకు నేను చెప్పుకుంటూ, ముందు మూడు వందల మందికి చెప్పేశాను. నేను మాటిచ్చిన ఆయనకు కూడా తెలిసింది, వాళ్ళతో పాటే, స్టేటస్‌లో. ఫోను చేశాను. ఎత్తలేదు. పిన్నికి చేశాను. ఎత్తి, "చూశాడమ్మాయ్. అన్నం తినలా," అని మాత్రం అంది.

మర్నాడు బాబాయ్, పిన్ని ఇద్దరూ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చారు. ఎల్లుండే ఫంక్షను కావడంతో కరస్పాండెంటు అక్కడే షామియానా వేయిస్తున్నాడు.

"రావయ్యా ఆచారీ, ఆ కళ్ళేవో రేపటికల్లా అయిపోవాల."

బాబాయ్ నా వైపు చూడలేదు. శిల్పం ముందు నిలబడ్డాడు. చేతిసంచి కింద పెట్టలేదు.

"తెరవనండి," అన్నాడు.

"ఏందీ?"

"కళ్ళు తెరవనండి. ఎవరి చేతనన్నా చేయించుకోండి."

నలుగురిలో ఒకడు ముందుకొచ్చాడు. "ఏందయ్యా, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తందా? జంతువు బొమ్మకి ఇంత బెట్టా?"

"జంతువని ఈ అమ్మాయి కూడా చెప్పింది బాబూ. నా ఉలికి ఆ తేడా తెలవదు."

నేను మధ్యలో దూరాను. మూడు కోట్ల ఏళ్ళు అన్నాను, సైన్సు అన్నాను, సిగ్గుండాలన్నాను. నా గొంతు షామియానా కట్టేవాళ్ళకు కూడా వినిపించింది. కరస్పాండెంటు మొహం ఎర్రబడింది. "నీ కాంట్రాక్టు మార్చితో అయిపోద్దమ్మా, గుర్తుందా?" అన్నాడు మెల్లగా. ఉందన్నాను.

పిన్ని శిల్పం దగ్గరికి వెళ్ళి తోక వైపు మడతలో చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో అయ్యో! పిల్ల మొహాన 'జ్ఞాపకార్థం' అని రాశారేందయ్యా? తల్లి ఒళ్ళో పిల్లకి ఎవరన్నా అట్టా రాస్తారా?"

పెయింటరు దాన్ని పిల్ల అనుకోలేదు. చర్మం ముడత అనుకుని మీదగా లాగేశాడు. కరస్పాండెంటు వంగి చూశాడు. మొదటిసారి ఆయన ఆ శిల్పంలో అక్షరాలు కాక ఇంకేదో చూశాడు. వెనక్కి తిరిగి, "పైన రాయించమన్నా గదరా!" అని ఆ నలుగురిలో ఒకణ్ణి కసిరాడు.

బాబాయ్ గొంతు పెంచలేదు. "అయ్యా, ఒంటి మీద పేరు రాసినాక ఆ బొమ్మ ఆ పేరుదే. ఇప్పుడు నేను ఉలి పెట్టి కళ్ళు తెరిస్తే, తెరిచేది ఎవరి కళ్ళండీ? మీ నాయనగారివి. ఈ తోకతో, ఈ గోళ్ళతో. తెరవమంటారా?"

ఆ నలుగురిలో ఒకడు చెప్పులు విడిచేశాడు.

"రంగు తీసెయ్యి," అన్నాడు కరస్పాండెంటు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు, ఒళ్ళు మండింది. ఎంత చదివాను, ఎన్ని ఫోటోలు చూపించాను! దవడ, పళ్ళు, చైనా రాతి పలకలు, చుట్టరికాలు. మనుషులకూ కోతులకూ ఈ కొలూగోలు దగ్గర చుట్టాలని కూడా చెప్పాను. ఒక్కటీ ఎక్కలేదు. కళ్ళు తెరిస్తే నాన్న జంతువైపోతాడంటే మాత్రం ఎక్కింది. బాబాయితో అదే అన్నాను. ఆయన అప్పటికి నీళ్ళ బకెట్టు పెట్టుకుని సానరాయితో 'కీర్తిశేషులు'లో 'కీ' దగ్గర మొదలుపెట్టాడు.

"నువ్వు పగులుద్దని చెప్పావంటగా," అన్నాడు రుద్దుతూనే.

"అవును."

"అబద్ధం కాదు. కానీ నీకు కావాల్సింది అది కాదు గదా. నాకు కావాల్సింది నేను చెప్పా."

"మాటిచ్చాను బాబాయ్, నిలబెట్టుకోలేకపోయాను."

"నిలబెట్టుకోలా," అన్నాడు. ఓదార్చలేదు. "ఆ చెంబుతో నీళ్ళు పొయ్యి."

ఒకటిన్నర రోజు రుద్దాం. రంగు రాతిలోకి కొంచెం దిగింది. అది పోవడానికి చర్మం వెంట్రుకవాసి పలచనైంది. బాబాయ్ ప్రతి గంటకూ అంచును వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, ఏమీ అనకుండా మళ్ళీ రుద్దేవాడు. నా అరచేతులు బొబ్బలెక్కాయి, ఫోను లాకు వేలిముద్రకు తెరుచుకోవడం మానేసింది. పెద్దాయన పేరు కింద వేరే నల్లరాయి మీదకు వెళ్ళింది, అది జంతువు కంటే పొడుగు. ఆ జంతువేమిటో చెప్పే నాలుగు లైన్ల బోర్డు నేను రాసిచ్చాను. దానికి జాగా లేదట. తర్వాత చూద్దామన్నారు. ఇంకా చూస్తున్నారు. నల్లరాయి మీద మనవళ్ళ తర్వాత అల్లుడికి జాగా దొరికింది గానీ, గోడ మీదున్నది గబ్బిలం కాదు అని చెప్పడానికి ఒక జానెడు దొరకలేదు.

ఫంక్షను రోజు పొద్దున్నే బాబాయ్ స్నానం చేసి వచ్చి కళ్ళ దగ్గర కూర్చున్నాడు. సన్న ఉలి తీసి నన్ను పిలిచాడు.

"దేవుడైతే వచ్చినవాళ్ళ వైపు చూస్తాడు. ఇది ఎటు చూసిద్ది?"

ఈ ప్రశ్న ఏ పుస్తకంలోనూ చదవలేదు. "దిగబోయే చెట్టు వైపు బాబాయ్. చూపు అక్కడే ఉంటుంది."

"చెట్టేది?"

సైకిల్ స్టాండు పక్కన వేపచెట్టు చూపించాను. ఆయన లేచి వెళ్ళి దాని మొదట్లో నిలబడి శిల్పం వైపు చూశాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. పది నిమిషాల్లో రెండు పెద్ద కళ్ళు వచ్చాయి. రెండూ మనల్ని దాటి ఎడమగా, వేపచెట్టు మొదలు వైపు.

కరస్పాండెంటు కొత్త చొక్కాలో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కొంచెం అటు జరిగాడు, కొంచెం ఇటు జరిగాడు.

"ఏమయ్యా, నా వైపు చూడట్లేదేంది?"

"దిగే చెట్టు వైపు చూస్తందండి," అన్నాడు బాబాయ్ ఉలి తుడుచుకుంటూ. "పక్క చూపులు చూస్తే కిందపడి సచ్చిద్ది."

కరస్పాండెంటు నడుచుకుంటూ సైకిల్ స్టాండు దాకా వెళ్ళి, సరిగ్గా ఆ చూపు పడే చోట వేపచెట్టుకు ఆనుకుని నిలబడి, కండువా సర్దుకున్నాడు.

"ఏమ్మా, ఫోను నీ చేతిలోనే ఉందిగా. ఒకటి తియ్యి. అదీ నేనూ పడాల."

తీశాను. ఆయన్ని ఒక్కణ్ణే తీశాను.